ఉమ్మడి నది నీటి లెక్క: ఏ మోడల్ తీసుకోవాలి, ప్రజాధనం ఎక్కడ పెట్టాలి

ఉమ్మడి నదిలో నీటి లభ్యత తేల్చే మోడల్ కోసం టెండరు పిలిచేటప్పుడు చాలాచోట్ల మొదటి పేజీలోనే సాఫ్ట్‌వేర్ పేరు రాసేస్తారు. ఖర్చు దారి తప్పేది అక్కడే. మొత్తం బడ్జెట్‌లో సాఫ్ట్‌వేర్ వాటా మామూలుగా చిన్నది. అసలు డబ్బంతా మూడు పనులకు పోతుంది: పాత ప్రవాహాల రికార్డును సరిచేయడం, ఆ లెక్కను అవతలి పక్షం చేత ఒప్పించడం, మోడల్‌ను ఏటేటా నడుస్తూ ఉండేలా చూసుకోవడం. ఈ మూడూ ఏ మోడల్‌తో చవకగా అయిపోతాయో అదే మీకు సరైన మోడల్. ఫీచర్ల జాబితా ఆ తర్వాతి సంగతి.

రికార్డు బరువు ఎంతో తెలియాలంటే రెండు నదుల లెక్క చూడండి. అమెరికాలో కొలరాడో నది ఒప్పందం 1922లో కుదిరినప్పుడు చేతిలో ఉన్న అంచనా ఏటా సుమారు 1.64 కోట్ల ఎకరా-అడుగులు, అంటే దాదాపు 714 టీఎంసీలు. ఎగువ, దిగువ భాగాలకు కలిపి 1.5 కోట్ల ఎకరా-అడుగులు పంచారు. 1944 ఒప్పందంతో మెక్సికోకు మరో 15 లక్షలు చేరాయి. ఆ అంచనాకు ఆధారమైన సంవత్సరాలు నదికి బాగా నీళ్లొచ్చినవి. 2000 తర్వాతి సగటు సుమారు 1.24 కోట్ల దగ్గరే ఆడుతోంది. కృష్ణాలో బచావత్ ట్రైబ్యునల్ 78 ఏళ్ల ప్రవాహాలు తీసుకుని 75 శాతం విశ్వసనీయత (నూటికి 75 ఏళ్లు కనీసం అంత నీరు వచ్చే స్థాయి) దగ్గర 2,060 టీఎంసీలు అంది. బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ 1961-62 నుంచి 47 ఏళ్లు తీసుకుంటే అదే 75 శాతానికి 2,173, 65 శాతానికి 2,293, సగటు 2,578 టీఎంసీలు వచ్చాయి. ఏ సంవత్సరాలు తీసుకున్నారు, ఏ విశ్వసనీయత దగ్గర గీత గీశారు అన్న రెండు నిర్ణయాలతోనే వందల టీఎంసీలు అటూ ఇటూ అయ్యాయి. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా ఆ నిర్ణయాలను మీ తరఫున తీసుకోదు.

నాలుగు రకాలు, నాలుగు ప్రశ్నలు

మామూలు సంవత్సరంలో, కరువు సంవత్సరంలో నదికి ఎంత వస్తుందన్నదే ప్రశ్న అయితే స్ప్రెడ్‌షీట్ చాలు. ఈ మాట వినగానే పెదవి విరిచేవాళ్లుంటారు. కానీ పద్ధతిగా చేసిన నెలవారీ జమాఖర్చు చాలా వివాదాలకు సరిపోతుంది. సూత్రం ఒక్కటే: గేజ్ (నది ప్రవాహం కొలిచే కేంద్రం) దగ్గర కొలిచిన ప్రవాహానికి ఎగువ మళ్లింపులు, జలాశయాల్లో పెరిగిన నిల్వ, ఆవిరి నష్టం కలపాలి, మళ్లించిన నీటిలోంచి తిరిగి నదిలోకి వచ్చిన పునరుత్పత్తి జలాలు తీసేయాలి. వచ్చేది సహజ ప్రవాహం. ఆవిరి చిన్న అంకె అనుకుని వదిలేయకండి. 100 చదరపు కిలోమీటర్ల నీటి విస్తీర్ణం ఉన్న జలాశయంలో నెలకు 150 మిల్లీమీటర్లు ఆవిరైతే 1.5 కోట్ల ఘనపు మీటర్లు, అర టీఎంసీ దాటుతుంది. ఏడాదికి, పది జలాశయాలకు వేసుకుంటే అది ఒక భారీ ప్రాజెక్టు వాటా.

స్ప్రెడ్‌షీట్‌కు ఒక్క క్రమశిక్షణ తప్పనిసరి. ముడి డేటా ఉన్న షీటును ఎవరూ ముట్టుకోకూడదు. సవరణలు రెండో షీటులో, ప్రతి సవరణ పక్కన కారణంతో ఉండాలి. లెక్క మూడో షీటులో జరగాలి. ఇది పాటించకపోతే రెండేళ్లు తిరిగేసరికి ఏ అంకె గేజ్ నుంచి వచ్చిందో, ఏది ఎవరో చేత్తో నింపిందో చెప్పగలిగేవాళ్లు ఉండరు. ఇక వాటాదారులు పెరిగి, ఎవరి వంతు ముందన్న ప్రాధాన్యాలు వచ్చి చేరితే స్ప్రెడ్‌షీట్ చేతులెత్తేస్తుంది. ఎగువ జలాశయం విడుదల దిగువ అవసరాన్ని బట్టి, దిగువ అవసరం ఎగువ విడుదలను బట్టి మారుతూ లెక్క తన చుట్టూ తానే తిరగడం మొదలైతే దాన్ని పక్కన పెట్టే సమయం వచ్చినట్టు.

ఎగువన కొత్త ప్రాజెక్టు కడితే దిగువ ఆయకట్టుకు ఎన్ని ఏళ్లలో ఎంత కోత పడుతుందన్న ప్రశ్నకు కేటాయింపు మోడల్ కావాలి. నదిని బిందువులుగా, గీతలుగా గీసి, ఒక్కో బిందువుకు అవసరం, ప్రాధాన్యం ఇస్తే, పాత ప్రవాహాల సంవత్సరాలన్నిటినీ వరసగా నడిపి లోటు ఎక్కడ పడిందో చూపిస్తుంది. ఈ రకంలో ఖర్చు లేకుండా దొరికేవి చాలానే ఉన్నాయి. వీప్‌ను స్టాక్‌హోం ఎన్విరాన్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఇస్తుంది. వర్ధమాన దేశాల ప్రభుత్వ సంస్థలకు, విద్యాసంస్థలకు, లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితం. మీరు పెట్టుకున్న కన్సల్టెంటు మాత్రం కొనుక్కోవాలి, ఆ ఖర్చు బిల్లులో మీకే తిరిగొస్తుంది. నేర్చుకోవడం తేలిక, ప్రాధాన్యాలు 1 నుంచి 99 వరకు అంకెల్లో ఇస్తే చాలు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల మాడ్‌సిమ్ ఉచితమే. నిబంధనలు చిక్కుగా ఉన్నప్పుడు కోడ్ రాసుకునే వీలుంది కాబట్టి ప్రోగ్రామింగ్ తెలిసిన ఇంజనీరు ఒకరు ఉండాలి. పైథాన్‌లో రాసిన పైవర్ ఓపెన్ సోర్స్. వేల సంఖ్యలో ప్రవాహ పరిస్థితులు నడపాల్సి వస్తే దీని వేగం పనికొస్తుంది, బొమ్మలు గీసుకునే సౌకర్యం మాత్రం తక్కువ. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం ఇచ్చే హెక్-రెస్‌సిమ్ జలాశయాల గేట్ల నిర్వహణకు, వరద నియంత్రణకు దిట్ట. హక్కుల వరసను బట్టి నీళ్లు పంచడానికి అది పుట్టలేదు. ఆ పని దానితో చేయిస్తే సాఫ్ట్‌వేర్ మీద మిగిలిన డబ్బు ఇంజనీర్ల జీతాల్లో పోతుంది.

హక్కుల వరస అంటే టెక్సాస్ పద్ధతి చూడాలి. 1997లో అక్కడి శాసనసభ చేసిన చట్టంతో రాష్ట్రంలోని నదీ పరీవాహక ప్రాంతాలకు నీటి లభ్యత మోడళ్లు తయారయ్యాయి. వాటిని నడిపే ఇంజను టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ల ర్యాప్. చూడ్డానికి పాతకాలపు ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్, ఇన్‌పుట్ అంతా టెక్స్ట్ ఫైళ్లు. అయినా ప్రజాధనం వైపు నుంచి చూస్తే దీన్ని మించిన నమూనా తక్కువ. కొత్తగా నీటి అనుమతి అడిగేవాడి దరఖాస్తును ఈ మోడల్ మీదే పరీక్షిస్తారు. ఇచ్చిన అనుమతులన్నీ పూర్తిగా వాడుకుంటున్నట్టు ఒక రన్, ప్రస్తుతం నిజంగా వాడుతున్న మేరకు ఇంకో రన్. ఫైళ్లు ప్రభుత్వ కమిషన్ దగ్గర అందరికీ దొరుకుతాయి. అభ్యంతరం చెప్పేవాడు సొంత మోడల్ కట్టక్కర్లేదు, అదే ఫైలు తెరిచి ఏ వరస తప్పో చూపిస్తే చాలు.

లైసెన్స్ డబ్బు కట్టి తీసుకునే రివర్‌వేర్, మైక్ హైడ్రో బేసిన్ లాంటివి మూడో రకం. అవి ఎప్పుడు గిట్టుబాటు అవుతాయి? నిర్వహణ నిబంధనలు డజన్ల కొద్దీ ఉండి, అవి తరచూ మారుతూ, ప్రతి మార్పునూ వాటాదారుల ముందు పెట్టి చర్చించాల్సి వచ్చినప్పుడు. కొలరాడో మీద అమెరికా జలవనరుల సంస్థ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ నడిపే దీర్ఘకాల మోడల్ మొదట ఫోర్ట్రాన్‌లో ఉండేది. అందులో నిబంధనలు కోడ్ మధ్యలో పూడుకుపోయి ఉండేవి, ఒకటి మార్చాలంటే ప్రోగ్రామర్ కావాలి. 1990ల్లో దాన్ని రివర్‌వేర్‌లోకి మార్చాక నిబంధనలు విడిగా, చదివేలా వచ్చాయి. 2007 కరువు మార్గదర్శకాల చర్చల్లో ప్రత్యామ్నాయాలను పోల్చి చూసింది ఆ మోడల్‌తోనే. మీ నదిలో నిబంధనలు ఒక పేజీలో సరిపోతే ఇంత అవసరం లేదు. లైసెన్స్ లెక్కలో ఇంకొకటి చాలామంది మరిచిపోతారు: మీకు ఒకటి కొంటే సరిపోదు, అవతలి పక్షానికీ కావాలి. వాళ్లు తెరవలేని మోడల్ ఫలితాన్ని వాళ్లు ఒప్పుకోరు. ఆస్ట్రేలియా ఈవాటర్ సంస్థ సోర్స్ అనే మోడల్‌కు ఉచిత రూపం కూడా ఇస్తుంది కాబట్టి మధ్యే మార్గం కావాలనుకునేవాళ్లు ముందు దాన్ని పరీక్షించుకోవచ్చు.

నాలుగో రకం వాన నుంచి ప్రవాహాన్ని లెక్కగట్టేవి. వీటిలో స్వాట్ (SWAT) ఎక్కువగా వాడేది, ఉచితం. అడవి పోయి పొలం వస్తే, చెక్‌డ్యాములు పెరిగితే, వాతావరణం మారితే ప్రవాహం ఎంత మారుతుందన్నదే ప్రశ్న అయితే ఇది కావాలి. అలాగే గేజ్ లేని ఉపనదికి అంచనా కావాలన్నా. మిగతా సందర్భాల్లో దీని మీద డబ్బు పెట్టడం వృథా ఖర్చు అని మా అభిప్రాయం. 40 ఏళ్ల కొలిచిన ప్రవాహం చేతిలో ఉండగా దాన్ని పక్కన పెట్టి, వానను, నేలను, పంటలను డజన్ల పరామితులతో కలిపి మళ్లీ ప్రవాహం పుట్టించడం దేనికి?

స్వాట్ నివేదికల్లో ఒక అంకెను జాగ్రత్తగా చదవాలి. ప్రవాహం విషయంలో నాష్-సట్‌క్లిఫ్ విలువ (మోడల్ ప్రవాహం కొలిచిన ప్రవాహానికి ఎంత దగ్గరో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా సరిపోయినట్టు) 0.5 దాటి, మొత్తంలో తేడా 25 శాతం లోపు ఉంటే సంతృప్తికరం అని రాసేస్తారు. 2007లో వచ్చిన ఒక పరిశోధన పత్రం నుంచి అందరూ ఎత్తుకునే కొలబద్ద ఇది. ఏటా 1,000 టీఎంసీలు వచ్చే నదిలో 25 శాతం అంటే 250 టీఎంసీలు. రాష్ట్రాలు కోర్టుకెక్కేది అందులో పదో వంతు కోసం. కాబట్టి కాంట్రాక్టులో ఆ 25 శాతాన్ని ఒప్పుకోవద్దు. మొత్తం తేడా 5 శాతం లోపు, కరువు సంవత్సరాల తేడా విడిగా చూపించాలి అని రాయండి. ఇంకో పెద్ద తప్పు: ఎగువన ఇప్పటికే మళ్లించేయగా మిగిలిన ప్రవాహానికి స్వాట్‌ను సరిపెట్టి, తర్వాత కేటాయింపు మోడల్‌లో మళ్లింపులను ఇంకోసారి తీసేయడం. ఒకే నీటిని రెండుసార్లు కోసినట్టు. నది ఉన్నట్టుండి ఎండిపోయినట్టు కనిపిస్తే ముందు దీన్నే వెతకండి.

నెలా, పది రోజులా, రోజా

మోడల్ పేరు కంటే ఫలితాన్ని ఎక్కువగా మార్చేది లెక్కకు తీసుకునే కాలవ్యవధి. నిల్వ లేని బ్యారేజీ ఒకటి, దాని కాలువ సామర్థ్యం 10,000 క్యూసెక్కులు అనుకోండి. నెలలో ఐదు రోజులు 2 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, మిగతా 25 రోజులు నది ఎండింది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ కాబట్టి, వచ్చింది 86.4 టీఎంసీలు. నెలవారీ మోడల్‌కు నీళ్లు నెలంతా సమంగా వచ్చినట్టే. కాలువ 30 రోజులూ నిండుగా పారి 25.9 టీఎంసీలు తీసుకున్నట్టు చూపిస్తుంది. నిజంగా కాలువలోకి పోయేది ఆ ఐదు రోజుల్లో 4.3 టీఎంసీలే. మిగతాది సముద్రానికి. తేడా ఆరు రెట్లు.

పెద్ద జలాశయం దిగువన ఉన్న కాలువకు నెలవారీ లెక్క సరిపోతుంది, ఎందుకంటే జలాశయమే వరదను నెలకు పరుస్తుంది. నిల్వ లేనిచోట, ఎత్తిపోతల పథకాల దగ్గర, పర్యావరణ ప్రవాహాల (నదిలో జీవం కోసం వదలాల్సిన నీటి) విషయంలో రోజువారీ కావాలి. అలాగని నది మొత్తానికీ రోజువారీ కట్టనక్కర్లేదు. రోజువారీ అంటే డేటా 30 రెట్లు, నీరు ఒక గేజ్ నుంచి ఇంకోదానికి చేరే సమయం లెక్కలోకి వస్తుంది, పాత రికార్డుల్లో ఖాళీలు భరించలేనంత కనిపిస్తాయి. నది మొత్తానికి పది రోజులు లేదా నెల, బ్యారేజీలున్న భాగానికి మాత్రం రోజు. ఖర్చుకూ ఖచ్చితత్వానికీ మధ్య మేం సూచించేది ఇదే.

డేటాకు ఎంత

మొత్తం డబ్బులో కనీసం సగం ఇక్కడ పెట్టండి. మోడల్ కట్టడానికి పాతిక శాతం, మిగిలిన పాతిక తర్వాతి ఐదేళ్ల నిర్వహణకు. ఈ పంపకం కాగితం మీద వింతగా కనిపిస్తుంది, ఆర్థిక శాఖ నిర్వహణ ముక్కను కోసేయాలని చూస్తుంది. కోస్తే మూడో ఏడు మోడల్‌ను తెరిచేవాళ్లుండరు.

గేజ్ దగ్గర మొదలుపెడదాం. సిబ్బంది రోజూ చదివేది నీటిమట్టం. ప్రవాహం దాన్నుంచి మట్టం-ప్రవాహ పట్టికతో వస్తుంది. వెడల్పాటి నదిలో లోతు మీటరు ఉన్న ఎండాకాలం అడుగున 5 సెంటీమీటర్ల ఇసుక మేట వేస్తే, పట్టిక మార్చకపోతే, ప్రవాహం 8 నుంచి 9 శాతం ఎక్కువగా నమోదవుతుంది. మట్టం సరిగ్గానే చదివారు, తప్పు పట్టికలో ఉంది. టెలిమెట్రీ (రీడింగులను తానే పంపే పరికరం) పెట్టినంత మాత్రాన ఇది పోదు. తప్పు అంకె పావుగంటకోసారి వస్తుంది, అంతే. ప్రతి పెద్ద వరద తర్వాత డాప్లర్ పరికరంతోనో నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్‌తోనో కొలిచి పట్టిక సరిచేయడానికి బడ్జెట్ ఉండాలి. కొత్త సెన్సర్లు కొనే ముందు ఉన్న గేజ్‌లకు ఈ డబ్బు ఇవ్వండి.

ఒకరి రికార్డును ఇంకొకరి రికార్డుతో కలిపేటప్పుడు తగిలే గుంటలు కొన్ని ముందే తెలుసుకోవడం మంచిది. ఒకరిది క్యూసెక్కు, ఒకరిది సెకనుకు ఘనపు మీటరు, 35.3 రెట్ల తేడా కాబట్టి ఇది త్వరగానే దొరుకుతుంది. నీటి సంవత్సరం ఒకరికి జూన్‌లో, ఒకరికి అక్టోబరులో మొదలవుతుంది. ఉదయం 8 గంటల రీడింగును ఏ తేదీ కింద రాశారన్నది మాత్రం ఎవరూ అడగరు. ఒక రోజు జరిగిపోతే రోజువారీ మోడల్‌లో వరద జలాశయానికి రాకముందే గేట్లు తెరిచినట్టు వస్తుంది. జలాశయం సామర్థ్య పట్టిక (ఏ మట్టానికి ఎంత నిల్వ అన్న పట్టిక) ఏ ఏడాది సర్వేదో రాసి పెట్టుకోండి. పూడిక చేరాక పాత పట్టికతో లెక్కేస్తే లేని నీళ్లు నిల్వలో కనిపిస్తాయి, ఆ లేని నీళ్లు మోడల్‌లో ఎవరి వాటాలోకో వెళ్తాయి.

ఎగువ పక్షం డేటా ఇవ్వకపోతే? ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది దిగువ దేశాల కమిషన్‌కు ఈ ఇబ్బంది ఎప్పటినుంచో ఉంది. చైనా అందులో సభ్య దేశం కాదు. 2002 నుంచి వరద కాలపు సమాచారమే ఇచ్చేది, ఏడాది పొడవునా ఇవ్వడానికి ఒప్పుకున్నది 2020లో. ఇలాంటిచోట ఉపగ్రహాలు ఖాళీలు పూడుస్తాయి. సెంటినెల్-2 చిత్రాల్లో జలాశయం విస్తీర్ణం కొలిచి, సామర్థ్య పట్టికతో నిల్వ అంచనా వేయవచ్చు. వానాకాలం మబ్బు పట్టినప్పుడు సెంటినెల్-1 రాడార్ వాడాలి. 2022 డిసెంబరులో ఎగిరిన స్వాట్ ఉపగ్రహం (SWOT; పేరు ఒకేలా వినిపిస్తుంది కానీ పైన చెప్పిన మోడల్‌తో సంబంధం లేదు) వెడల్పాటి నదుల, జలాశయాల నీటిమట్టాన్నే కొలుస్తుంది. వానకు ఉపగ్రహాల, వర్షమాపకాల ఆధారంగా తయారైన చర్ప్స్ రికార్డు 1981 నుంచి, సుమారు 5 కిలోమీటర్ల గళ్లలో ఉచితంగా దొరుకుతుంది. ఈఆర్ఏ5 అనే వాతావరణ రికార్డు ఇంకా వెనక్కి 1940 దాకా ఉంది కానీ గళ్లు 30 కిలోమీటర్లకు దగ్గర. కొండ ప్రాంతాల్లో రెంటినీ వర్షమాపకాలతో సరిచూడకుండా వాడొద్దు. ఇవన్నీ ఉచితమే; వాటిని శుభ్రం చేసే మనిషికి మాత్రం నెలనెలా జీతం.

ఎవరి చేతిలో ఉండాలి

ఎవరికి వాళ్లు మోడల్ కట్టుకుంటే మొదట చవక, చివరికి అన్నిటికంటే ఖరీదు. రెండు మోడళ్లు రెండు జవాబులిస్తాయి, తేడా ఎక్కడుందో వెతకడానికి మూడో కమిటీ వేయాలి. ఆస్ట్రేలియాలోని మర్రే-డార్లింగ్‌లో రాష్ట్రాలు ఏళ్ల తరబడి విడివిడిగా కట్టుకున్న మోడళ్లను ఒక గొలుసుగా కలిపి నది మొత్తానికి లెక్క తీశారు, 2012 బేసిన్ ప్లాన్ (ఆ నది నీటి వినియోగ ప్రణాళిక) దాని మీద నిలబడింది. పని అయింది, కానీ ఒక మోడల్ బయటకు ఇచ్చేది ఇంకోదాని లోపలికి సరిపోయేలా చేయడానికే ప్రత్యేక వ్యవస్థ కావాల్సి వచ్చింది.

ఉమ్మడి సంస్థ చేతిలో ఒకే మోడల్ ఉండటం ఉత్తమం. అందుకు రాజకీయంగా వీలు కాకపోతే ఒక మెట్టు దిగండి: మోడళ్లు ఎవరివి వాళ్లవే, ఇన్‌పుట్ డేటా మాత్రం ఒకటే. సహజ ప్రవాహాల వరుస, ఆవిరి పట్టికలు, సామర్థ్య పట్టికలు, పునరుత్పత్తి శాతాలు ఉమ్మడిగా సంతకం చేసిన ఒకే ఫైలులో ఉండాలి. ముందుగా ఒకే పరిస్థితిని రెండు మోడళ్లలో నడిపి, తేడా 2 శాతం లోపుకు వచ్చేదాకా కొత్త ప్రాజెక్టుల ఊసెత్తకూడదు. మూడో మెట్టు తటస్థ విశ్వవిద్యాలయం. నమ్మకానికి బాగుంటుంది కానీ విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లగానే మోడల్ కూడా వెళ్లిపోతుంది, కాబట్టి శాఖ ఇంజనీర్లు ఇద్దరు మొదటి నుంచీ అక్కడ కూర్చోవాలి.

కన్సల్టెంటుకు ఇచ్చేటట్టయితే కాంట్రాక్టులో ఇవి లేకుండా సంతకం పెట్టకండి:

- మోడల్ అసలు ఫైలు, ఇన్‌పుట్ ఫైళ్లు, స్క్రిప్టులు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు ప్రభుత్వానికి చెందాలి. మూడో పక్షానికి ఇచ్చే హక్కుతో సహా.
- ఏ పరామితి ఎందుకు మార్చారో తేదీలతో రాసిన పుస్తకం ఉండాలి.
- ఖాళీ కంప్యూటర్ మీద శాఖ ఇంజనీర్లే, కన్సల్టెంటు ముట్టుకోకుండా, నివేదికలోని ప్రధాన పట్టికను తిరిగి రాబట్టాలి. అది జరిగేదాకా చివరి 10 నుంచి 15 శాతం బిల్లు ఆపాలి.

మూడోది అన్నిటికంటే విలువైనది. పీడీఎఫ్ నివేదికకు పూర్తి డబ్బు చెల్లించి, మోడల్ ఎప్పటికీ చేతికి రాని ప్రాజెక్టులు తక్కువేం కాదు. కొన్నిచోట్ల ఫైలు ఇస్తారు, అందులో ఫైళ్ల చిరునామాలు కన్సల్టెంటు కంప్యూటర్‌లోని ఫోల్డర్లను చూపిస్తుంటాయి, మీ దగ్గర తెరుచుకోదు.

నిర్వహణకు కావాల్సింది

నది మధ్యస్థ పరిమాణానిదైతే, అంటే 20 నుంచి 30 గేజ్‌లు, పది పన్నెండు జలాశయాలు అయితే, మోడల్ నడుస్తూ ఉండటానికి ఇద్దరు ఇంజనీర్లు, ఒక డేటా సహాయకుడు పూర్తికాలం కావాలి. ఒక్కరితో నెట్టుకొస్తే ఆ ఒక్కరి బదిలీతో పని ఆగిపోతుంది. ఏటా నీటి సంవత్సరం ముగిశాక చేయాల్సినవి: ఆ ఏడాది ప్రవాహాలు చేర్చడం, వరద తర్వాత మారిన పట్టికలతో పాత అంకెలు సవరించడం, కొత్త మళ్లింపులు నమోదు చేయడం, నిరుటి అంచనాను నిజంగా వచ్చిన నీటితో పోల్చి తేడాను రెండు పక్షాలకూ పంపడం. ఐదారేళ్లకోసారి జలాశయాల సామర్థ్య సర్వే ఫలితాలు, పదేళ్లకోసారి సహజ ప్రవాహాల వరుస మొత్తం మళ్లీ కట్టుకోవడం. వరుస మళ్లీ కట్టిన ప్రతిసారీ పాతదాన్ని చెరిపేయకుండా తేదీ వేసి దాచండి. 75 శాతం అంకె ఎందుకు మారిందని అవతలి పక్షం అడిగినప్పుడు, కొత్త సంవత్సరాలు చేరడం వల్ల ఎంత, పట్టికల సవరణ వల్ల ఎంత అని విడదీసి చూపించాలంటే రెండు వరుసలూ పక్కపక్కన ఉండాలి.